గడ్డి మీద గాలం

మా ఇంట్లో గుడ్డు ఉడకదు. కేకులో గుడ్డు ఉంటుందా అని మేము అడగము, కేకు చెప్పదు. అలాంటి ఇంటికి ఒక చేపల గాలం వచ్చి చేరింది.

మా ఆయన ఆఫీసులో ఏడాదికొకసారి పెద్ద హోటల్లో విందు ఇచ్చి, చివర్లో లక్కీ డ్రా తీసేవారు. ఐటీ వాళ్లకి మహా గిరాకీగా ఉన్న రోజులవి. మొదటి బహుమతి గోడంత టీవీ, రెండోది జపాన్‌కి విమానం టికెట్లు. చిన్నప్పటి తంబోలాలో కూడా ఏమీ తగలని మా ఆయనకి ఆ ఏడు ఐదో బహుమతి తగిలింది. వేదిక ఎక్కి, చెయ్యి కలిపి, ఫొటో దిగి, పొడుగాటి గుడ్డ సంచీ భుజాన వేసుకుని వచ్చారు. గొడుగేమో అనుకున్నాను. విప్పితే నాలుగు ముక్కల సన్నటి గడ, గుండ్రటి రీలు, దాని మీద చుట్టిన మందపాటి పసుపుపచ్చ తాడు. ఫ్లై ఫిషింగ్ సెట్టట. మా టేబుల్ దగ్గర ఉన్న ఎనిమిది మందిలో ఎవరన్నా రైస్ కుక్కర్‌కి మార్చుకుంటారేమోనని అడిగాం. వచ్చిన రైస్ కుక్కర్‌ని ఎవరూ వదులుకోలేదు.

ఈ ఊళ్లో కొత్త ఫ్లాట్లకి ఉక్కు తలుపుతో ఒక చిన్న గది ఉంటుంది. యుద్ధమొచ్చి బాంబులు పడితే దాక్కోవడానికి కట్టిన గది. యుద్ధం వచ్చేదాకా మేము అందులో ఆవకాయ జాడీలు, బియ్యం బస్తా, ఎందుకైనా మంచిదని దాచిన అట్టపెట్టెలు పెట్టుకున్నాం. గాలాన్ని కూడా వాటి వెనక నిలబెట్టాం.

అప్పటికి పాపకి ఏడాదిన్నర. పది నెలలప్పుడు జ్వరంలో దానికి ఫిట్స్ వచ్చాయి. పొంగుతున్న పాలు దించడానికి వంటింట్లోకి వెళ్లాను. రెండు నిమిషాలు కూడా కాదు. తిరిగి వచ్చేసరికి కళ్లు పైకి తేలేసి, చేతులు బిగుసుకుని ఉంది. ఆస్పత్రిలో డాక్టర్, చిన్నపిల్లలకి ఇది మామూలే, పెద్దయ్యాక పోతుంది అన్నాడు. ఆయనకి మామూలే. నేను మాత్రం ఆ రోజు నుంచి దాన్ని చూపు దాటనివ్వలేదు. స్నానం చేస్తే తలుపు తీసి ఉండేది, గుమ్మంలో కుర్చీలో అది ఉండేది, సబ్బు కళ్లలో పడినా కళ్లు మూసుకోకుండా పాటలు పాడుతూ నేనుండేదాన్ని. దాన్ని తండ్రి ఎత్తుకున్నా నేను వెనకే నడిచేదాన్ని. ఆయన ఒకసారి నొచ్చుకుని, "నేను కూడా తండ్రినే, సెక్యూరిటీ చెకింగ్ అక్కర్లేదు" అన్నారు.

నేను ఎంసీఏ చదివి, పెళ్లయ్యాక ఇక్కడే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో చేరాను. తప్పు ఎక్కడ జరగబోతోందో ముందే ఊహించడం ఆ పని. ఉద్యోగం మానేశాను గాని ఊహించడం మానలేదు. ఆ రోజుల్లో వారానికి ఇద్దరైనా కన్సల్టెంట్లు ఫోన్ చేసి, "మేడమ్, ఇప్పుడు వదులుకుంటే మళ్లీ ఈ గిరాకీ రాదు" అనేవాళ్లు. "ఇంకో మూడు నెలలు ఆగి చూస్తాను" అనేదాన్ని. ప్రతి మూడు నెలలకీ ఇంకో మూడు నెలలు కలిసేవి.

మా బ్లాకు కిందే ఒక చైల్డ్ కేర్ ఉండేది. లిఫ్టు దిగితే తలుపు. అందులో సీటు కోసం జాబితాలో పేరు రాయించింది మా ఆయన. ఆ జాబితా కదలకూడదని దణ్ణం పెట్టుకున్నది నేను.

మా అంతస్తులోనే, లిఫ్టుకి అవతల ఒక ఆంటీ ఉండేవారు. తాతల కాలంలో వచ్చి స్థిరపడిన తెలుగువాళ్లు. ఆవిడ తెలుగులో సగం తమిళం, పైన కాస్త మలయ్. ఎప్పుడు ఎదురుపడినా, "మాకాన్ అయిందామ్మా?" అని అడిగేవారు, తిన్నావా అని. తర్వాతి మాట ఎప్పుడూ ఒకటే.

"పాప్పాని ఒక గంట నా కాడ విడు మా. నలుగురిని పెంచినాను. ఒక్కదాన్నీ పోగొట్టలేదు."

"పాపకి జలుబు ఆంటీ."

"సరి, సరి. జలుబు పోయినాక."

ఆరు నెలల పాటు మా పాపకి జలుబు తగ్గలేదు. ఆవిడకి ఆ సంగతి తెలుసు. ఆవిడకి తెలుసని నాకూ తెలుసు.

ఇక గాలం సంగతి. ఒక శనివారం సాయంత్రం పాపని స్ట్రోలర్ బండిలో కూర్చోబెట్టి తోసుకుంటూ పుంగ్గోల్ కాలవ గట్టు మీద నడుస్తున్నాను. కాలవకి వీపు పెట్టి, పక్కనున్న పచ్చిక మైదానంలో పదిమంది నిలబడి గాలాలు విసురుతున్నారు. నీళ్లు వెనక, వీళ్లు ముందు గడ్డిలోకి విసురుతున్నారు. తప్పు పట్టడం నా చదువు కాబట్టి ఆగిపోయాను. బస్సు డ్రైవరుగా రిటైరైన ఒక చైనీస్ అంకుల్ వాళ్లకి గురువు. బక్కపలచటి మనిషి, తల మీద బట్ట టోపీ.

"అంకుల్, నీళ్లు అటు కదా ఉన్నాయి?" అన్నాను ఇంగ్లీషులో.

"నీళ్లెందుకు?"

"చేపల కోసం."

"చేప ఎందుకు లా, మమ్మీ!" అన్నాడాయన, ఈ ఊరి అలవాటుగా మాట చివర లా తగిలించి, పిల్లలున్న ఆడవాళ్లందరినీ ఇక్కడ పిలిచినట్టే పిలిచి. "చేప వచ్చిందనుకో, అందరూ ఆపేసి ఫొటో తీసుకుంటారు. ప్రాక్టీసు పాడు. ఇక్కడ ఎవరి దగ్గరా కొక్కెం లేదు. చూడు." తాడు చివర చూపించాడు. చిటికెనవేలి గోరంత ఉన్ని ముక్క కట్టి ఉంది.

కొక్కెం లేదు, చేప లేదు, నీళ్లు లేవు. ఇంత శాకాహారమైన క్రీడ ఇంకొకటి ఉంటుందనుకోను. మా ఇంట్లో ఒక గాలం ఉందన్నాను. "పట్టుకురా" అన్నాడు.

మరుసటి శనివారం ఆవకాయ వాసన కొట్టే గుడ్డ సంచీతో వెళ్లాను. మామూలు గాలానికి చివర బరువు ఉంటుంది, దాన్ని విసిరితే దారం దాని వెంట పోతుంది. ఇందులో చివర ఉండేదానికి బరువే లేదు. బరువంతా తాడుదే. అందుకని తాడుని తల మీదుగా వెనక్కి ఎగరేసి, అది వెనక గాలిలో పూర్తిగా చాపుకునేదాకా ఆగి, అప్పుడు ముందుకు తోయాలి. ఆగకుండా తోస్తే కొరడాలాగా చెళ్లుమంటుంది, ఉన్ని ముక్క తెగి ఎటో పోతుంది. ఆగాలి. విద్యంతా ఆ ఆగడంలోనే ఉందట. కొత్తవాళ్లు తల తిప్పి వెనక తాడుని చూడాలని అంకుల్ గొంతు పోయేలా అరిచేవాడు. ఎవరూ తిప్పేవాళ్లు కాదు. అందరి కళ్లూ ముందు గడ్డి మీద పరిచిన ప్లాస్టిక్ రింగుల మీదే.

నేను మాత్రం తిప్పేదాన్ని. ప్రతిసారీ. ఎందుకంటే తాడు అందనంత వెనక, ఒక నారింజ రంగు కోన్ పక్కన, స్ట్రోలర్‌లో పాప ఉంది. గడ వెనక్కి వెళ్లగానే తల తిప్పి, దాని చెయ్యో కాలో కదిలేదాకా చూసి, కదిలింది కదా అని అప్పుడు ముందుకు తిరిగేదాన్ని. గాలిలో తాడు చాపుకోవడానికి కూడా సరిగ్గా అంతే సమయం పడుతుందని నాకేం తెలుసు? ముందుకు తిరిగి గడ తోసేసరికి పసుపుపచ్చ తాడు నా తల మీదుగా సన్నటి మలుపు తిరిగి, విప్పుకుంటూ వెళ్లి, ఉన్ని ముక్క రింగులో పడేది. పడిందో లేదో కూడా నేను చూసేదాన్ని కాదు, మళ్లీ వెనక్కి తిరిగేదాన్ని.

"చూడండి! చూడండి!" అని అంకుల్ అందరినీ ఆపేసేవాడు. "ఈ మమ్మీ వచ్చి మూడు వారాలు. ఎలా ఆగుతుందో చూడండి! నువ్వు, పదేళ్ల నుంచి వస్తున్నావు, ఒక్కసారన్నా ఆగావా?"

నేను మళ్లీ గడ ఎత్తాను. స్కూల్లో ఉన్నప్పటి నుంచీ ఆటల్లో చివర నిలబడ్డ మనిషిని. భయానికి బహుమతి ఇస్తుంటే వద్దనే వినయం నాకు లేదు.

మా అమ్మకి ఫోన్‌లో శనివారాలు వాకింగ్‌కి వెళ్తున్నానని చెప్పాను. మా ఆయన మాత్రం తలుపు తీస్తూనే మొదలుపెట్టేవారు.

"ఏంటి, ఇవాళ గడ్డిలో ఏం పడ్డాయి? బొచ్చెలా, కొరమీనులా?"

"మీకు చేపల పేర్లు ఎలా తెలుసు?"

"హాస్టల్లో పక్క కంచం చూసి నేర్చుకున్నా. అది సరే, చేపలు పట్టని చేపల క్లబ్బు ఏంటే?"

"కోడ్ రాయని ఐటీ మేనేజర్లు లేరూ? అలాంటిదే."

ప్రాక్టీసు అయ్యాక క్లబ్బు మీటింగు ఉండేది. కాఫీ షాపులో రెండు టేబుళ్ల మీద టిష్యూ పొట్లాలు పడేసి చోటు పట్టుకునేవాళ్లం. ఎజెండా టైపు చేసి ఉండేది. రింగుల వ్యాసం పెంచాలా వద్దా అనేదాని మీద ఒక సాయంత్రమంతా వాదించుకున్నారు. ఉన్ని ముక్క ఎరుపైతే గడ్డిలో కనబడుతుందని ఒక వర్గం, నారింజైతే ఇంకా బాగా కనబడుతుందని ఒక వర్గం. ఒకతను మలేషియా వెళ్లి నిజంగానే ఒక చేపని పట్టి, ఫొటో తెచ్చి చూపించాడు. అందరూ మర్యాదగా చూశారు. ఒకాయన మాత్రం, "చేప సరే, తాడు మలుపు ఎంత సన్నగా వచ్చింది?" అని అడిగాడు. అతనికి గుర్తులేదు. ఫొటో జేబులో పెట్టేసుకున్నాడు. నేను స్ట్రోలర్‌ని కాలితో ఊపుతూ, పాలు లేని టీ తాగుతూ, వారంలో ఈ ఒక్క గంటన్నరా నేను అమ్మని కాకుండా ఇంకేదో అని సంతోషపడేదాన్ని. అది నిజం కాదని స్ట్రోలర్‌కి తెలుసు.

నాలుగు నెలలయ్యాక ఒకే వారంలో రెండు కబుర్లు వచ్చాయి. ఎక్స్‌పో హాల్లో చేపల సామాన్ల ప్రదర్శన ఒకటి జరుగుతోంది, మధ్యలో ఒక కొలను కడతారు, మన క్లబ్బుకి ఆదివారం పదిహేను నిమిషాలు ఇచ్చారు, గాలం విసిరి చూపించేది నువ్వే అన్నాడు అంకుల్. కొలనులో చేపలుండవని కూడా హామీ ఇచ్చాడు. రెండోది, చైల్డ్ కేర్ నుంచి ఉత్తరం. సీటు ఖాళీ అయింది, సోమవారం సాయంత్రం లోపల ఫారం నింపి ఇవ్వాలి, లేకపోతే జాబితాలో తర్వాతి పిల్లకి ఇచ్చేస్తారు.

మా ఆయన ఉత్తరాన్ని రెండుసార్లు చదివారు. వాదించలేదు.

"ఒక పని చెయ్యి. ఆదివారం ఆ పదిహేను నిమిషాలు పాపని నాకు వదులు. అది నీ వల్ల అయితే సోమవారం ఫారం ఇద్దాం. కాకపోతే నేనే కిందికి వెళ్లి సీటు వద్దని చెప్పేసి వస్తా. మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తను."

ఎత్తనని ఆయన అన్న తీరు చూస్తే నాకు భయం వేసింది. కోపంగా అని ఉంటే బాగుండేది.

"మీరు నా వెనకే నిలబడాలి. నేను తల తిప్పితే పాప కనబడాలి" అన్నాను.

"విగ్రహంలా నిలబడతా."

ఇంతవరకూ బాగానే ఉంది. మాకు ఇచ్చిన సమయం నాలుగూ ముప్పావు. వంటింట్లో లిటిల్ ఇండియాలో కొన్న తెలుగు క్యాలెండరు వేలాడుతూ ఉంటుంది. పాల చీటీ రాసుకోవడానికి తప్ప దాని వంక చూడని దాన్ని, ఆ రోజు ఎందుకో చూశాను. ఆదివారం రాహుకాలం నాలుగున్నర నుంచి ఆరు. నాకు వీటి మీద నమ్మకం లేదు. అయితే మొదటిసారి పాపని ఇంకొకరి చేతికి వదలబోతున్నాను, నమ్మకం లేదని నిరూపించుకోవడానికి ఆ రోజే దొరికిందా? అంకుల్‌కి ఫోన్ చేసి, పాప నిద్రపోయే వేళ, కాస్త వెనక్కి జరపమన్నాను. ఆయన పాపం ఎవరెవరినో బతిమాలి ఆరుంపావుకి మార్పించాడు. ఆరింటికి మా ఆయన ఆఫీసులో ఏదో రిలీజు ఉంది. "పర్లేదు, ఏమన్నా అయితేనే ఫోన్ వస్తుంది" అన్నారు. సాఫ్ట్‌వేర్ రిలీజులో ఏమీ కాకపోవడం నా ఉద్యోగకాలంలో నేను చూడలేదు. అయినా రాహువు కంటే రిలీజు నయమనుకున్నాను.

ఆదివారం లిఫ్టు దగ్గర ఆంటీ ఎదురయ్యారు. గాలం, స్ట్రోలర్, ముగ్గురం. ఎక్కడికని అడిగి, చుమ్మా, ఊరికే, నేనూ వస్తాను అని చెప్పులు వేసుకుని వచ్చేశారు. రైల్లో కబుర్ల మధ్య, సమయం ఎందుకు మార్చుకున్నదీ ఆవిడకి గుసగుసగా చెప్పాను. తోటి ఆడమనిషి మెచ్చుకుంటుందనుకున్నాను.

"అయ్యయ్యో, ఎవరు చెప్పింది నీకు? ఆ కేలండర్ ఇండియాది కదా మా! ఇక్కడ సూరుడు లేచేదే ఏడుకి. ఈ ఊరి రాహుకాలం ఆదివారం అయిదున్నర నించి ఏడు. కోవెల్లో బోర్డు ఉంది, చూడలే?"

మా ఆయన కిటికీ వైపు తిరిగారు. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతున్నారు. శుభమైన సమయంలో ఉన్నదాన్ని, నానా తంటాలు పడి, ముక్కూ మొహం తెలియనివాళ్లని ఇబ్బంది పెట్టి, సరిగ్గా రాహుకాలం నడిమధ్యకి వచ్చి కూర్చున్నాను.

"ఏమీ కాదు లా," అన్నారు ఆంటీ నా మోకాలు తట్టి. "నా రెండోవాడు పుట్టింది రాహుకాలమే. బ్యాంకులో పని చేస్తాడు."

హాల్లో చలి. కొలనంటే చిన్న ఈతకొలనంత, నీలం రంగు అడుగు. ఒక చివర చెక్క వేదిక, నీళ్ల మీద తేలుతూ మూడు రింగులు. వేదిక వెనక మనుషులకి తాడు తగలకుండా వల కట్టారు. ఆ వల అవతల మా ఆయన పాపని భుజం మీద కూర్చోబెట్టుకుని నిజంగానే విగ్రహంలా నిలబడ్డారు. పక్కన ఆంటీ. అంకుల్ మైకు పట్టుకుని, "మా క్లబ్బులో వెనక్కి చూసే ఒకే ఒక్క మనిషి" అని నన్ను పరిచయం చేశాడు.

గడ ఎత్తాను. వెనక్కి. తల తిప్పాను. పాప ఉంది, తండ్రి జుట్టు పీకుతోంది. ముందుకి. ఉన్ని మొదటి రింగులో పడింది. చప్పట్లు. వెనక్కి. పాప ఉంది. ముందుకి. మళ్లీ రింగులోనే. మూడోసారి తిరిగితే మా ఆయన చెవి దగ్గర ఫోన్ ఉంది. నాలుగోసారి ఆయన నుదురు ముడిపడి ఉంది, పాప కిందికి దిగుతోంది. రెండో రింగులో పడింది. అయిదోసారి తిరిగితే వల అవతల ఎవరూ లేరు.

తాడు గాలిలో ఉంది. నేను చూస్తూనే ఉన్నాను. చాపుకుని, ఇక చాపుకునేది లేక, మెల్లగా కిందికి జారి, వల మీదుగా వెళ్లి, ప్రదర్శన వాళ్ల పెద్దమనిషి ఒకాయన బట్టతల మీద ఉన్ని ముక్కతో సహా పడింది. గడని వేదిక మీద పెట్టేసి దిగి పరుగెత్తాను. వెనక అంకుల్ మైకులో ఏమన్నాడో అప్పుడు వినలేదు.

వలలు అమ్మే దుకాణం, దాని పక్క పడవలు, దాని పక్క దోమల మందు. నాకు కనబడిన ప్రతి గులాబీ రంగు గౌనూ వేరే పిల్లది. ఆ హాల్లో ఎన్ని నీటి తొట్లున్నాయో, ఎన్ని పదునైన కొక్కేలున్నాయో అదే మొదటిసారి చూశాను. మెట్ల కింద మా ఆయన ఒక చెవి మూసుకుని, "సర్వర్ ముందు ఆపమను, ఆపమను" అని అరుస్తున్నారు. చేతిలో పాప లేదు. నన్ను చూసి, ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి, "ఆంటీ దగ్గర" అన్నారు.

ఆంటీ మూల దుకాణం ముందు ఒక స్టూలు మీద కూర్చున్నారు. ఎదురుగా, నేల మీద పరిచిన ఒక పెద్ద చేపల వలలో, ఉయ్యాల్లో కూర్చున్నట్టు పాప కూర్చుని ఉంది. రెండు చేతులతో ఒక తెల్లటి అప్పడం పట్టుకుని కరకరా నములుతోంది. ఇక్కడి మలయ్ దుకాణాల్లో దొరికే అప్పడం. చేప పిండితో చేస్తారు.

"ఆ కొట్టతను ఇచ్చినాడు మా, నేను అటు తిరిగేలోపల నోట్లో పెట్టేసింది," ఆంటీ తప్పు చేసినట్టు లేచి నిలబడ్డారు. "లాగితే ఏడుస్తాదని విడిచినాను. కోపం చేయొద్దు."

ఆ ప్రదర్శన మొత్తంలో, మా క్లబ్బు మొత్తంలో, ఆ రోజు చేప దక్కింది మా పాపకొక్కదానికే.

కోపం రాలేదు. దాన్ని ఎత్తుకోబోయాను. పాప నా మొహం చూసింది, గుర్తుపట్టింది, అప్పడం నాకు అందకుండా పక్కకి జరుపుకుంది. అంతే. నేను లేని అయిదు నిమిషాల్లో అది ఏడవలేదు, పడలేదు, ఊపిరి తీసుకుంటూనే ఉంది. ఏడాదిగా నేను కళ్లతో పట్టుకుని ఉండబట్టే అది ఊపిరి తీసుకుంటోందని అనుకుంటూ వచ్చాను. ఆ మాట ఎవరికీ చెప్పలేదు, నాకు కూడా. ఊరట కలగాలి నిజానికి. కలిగింది కూడా. దాని పక్కనే కాస్త అవమానం కూడా కలిగింది.

అంకుల్ గొంతు స్పీకర్లలో వినిపించింది. "మమ్మీ, ఇంకా ఆరు నిమిషాలున్నాయి. పిల్ల దొరికితే రా. దొరక్కపోతే చెప్పు, అందరం వెతుకుతాం."

ఆంటీ నా వంక చూశారు. పాపని విడు మా అని అనలేదు. ఇన్నాళ్లలో మొదటిసారి ఆ మాట అనలేదు.

"ఆంటీ, కాసేపు చూస్తారా?" అన్నాను.

"జలుబు పోయిందా?" అన్నారావిడ.

తిరిగి వేదిక ఎక్కాను. ఆ మూల వేదిక మీంచి కనబడదు. గడ వెనక్కి తీసి, అలవాటుగా తల తిప్పాను. వల, వల వెనక ఖాళీ. చూడటానికి తాడు తప్ప ఇంకేమీ లేదు. నాలుగు నెలల్లో నేను నా తాడుని చూడటం అదే మొదటిసారి. ఎంత వంకరగా ఉందో! చూడటం మొదలుపెట్టేసరికి ఎప్పుడు ముందుకు తోయాలో తెలియకుండా పోయింది. మొదటిది చెళ్లుమంది. రెండోది నా భుజానికే చుట్టుకుంది. ఆరు నిమిషాల్లో ఒక్కటంటే ఒక్కటి కూడా రింగులో పడలేదు. జనం మర్యాదస్తులు, అయినా చప్పట్లు కొట్టారు. బట్టతల పెద్దమనిషి మాత్రం దూరంగా జరిగి కొట్టాడు.

దిగాక అంకుల్ నా గడ ముక్కలు విప్పుతూ, "ఇవాళ బాగా లేదు," అన్నాడు.

"అవును అంకుల్. ఇన్నాళ్లూ నేను చూసింది..."

"తెలుసు లా. మొదటి శనివారమే తెలుసు. తాడు చూసేవాళ్ల కళ్లు పైకి ఉంటాయి. నీవి కింద." సంచీ మూతి కట్టి నా చేతికిచ్చాడు. "ఇప్పుడు మొదటి నుంచి నేర్పాలి నీకు. చాలా పని."

ఇంటికి వచ్చే రైల్లో మా ఆయన తల దించుకుని కూర్చున్నారు. విగ్రహం కదిలినందుకు. "రిలీజు వెనక్కి తీసేశారు," అన్నారు. "నేను ఫోన్ ఎత్తకుండా ఉండాల్సింది." నిజమే, ఎత్తకుండా ఉండాల్సింది. అయితే ఆయన్ని నాలుగూ ముప్పావుకి ఖాళీగా ఉన్న మనిషి నుంచి ఆరుంపావుకి ఫోన్‌కి కట్టేసిన మనిషిగా మార్చింది నేనే. అందుకని ఇద్దరం ఒకరినొకరం ఏమీ అనుకోలేదు. పాప నోటి దగ్గర అప్పడం పొడి ఇంకా ఉంది. తుడిచాను. దీని గురించి ఇండియాలో మనవాళ్లెవరికీ చెప్పకూడదని మాత్రం ఇద్దరం ఒక్క మాట మీద నిలబడ్డాం.

సోమవారం మధ్యాహ్నం ఫారం ముందు పెట్టుకుని కూర్చున్నాను. నాలుగు పేజీలు. టీకాలు, పడని మందులు, ఫిట్స్ సంగతి రాయడానికి ఇచ్చిన చోటు చాలక కాగితం అంటించాను. చివరి పేజీలో, తల్లిదండ్రులు కాక పిల్లని తీసుకెళ్లడానికి మీరు అనుమతించే మనిషి ఎవరు అని ఒక గడి. అవసరమైతేనే నింపండి అని ఉంది. ఖాళీగా వదిలేసి సంతకం చేయబోయాను. అప్పుడు, నాకు కబురందే లోపల దానికి మళ్లీ జ్వరం వస్తే, అని ఎప్పటి ఆలోచనే వచ్చింది. ఈసారి ఆ ఆలోచన చివర నేను లేను, స్టూలు మీద కూర్చున్న ఆంటీ ఉన్నారు.

రాద్దామని కలం పెట్టాను. ఏమని రాయాలి? రెండేళ్లుగా ఆంటీ అంటున్నాను. ఆవిడ పేరు నాకు తెలియదు.

పాపని ఎత్తుకుని వెళ్లి తలుపు కొట్టాను. "మాకాన్ అయిందామ్మా?" అంటూ తీశారు. ఫారం చూపించి, సంగతి చెప్పి, "మీ పేరు కావాలి ఆంటీ" అన్నాను, తల ఎత్తలేక.

ఆవిడ గడప మీద చెయ్యి పెట్టి నవ్విన నవ్వుకి పాప కూడా నవ్వింది. "చైనీస్ అంకుల్‌కి నీ పేరు తెలుసా? నా పేరు నీకు తెలుసా? అందరూ మమ్మీ, ఆంటీ, అంకుల్. పోలీసు వస్తే ఎవరిని పట్టుకుంటాడు?" కళ్లజోడు తెచ్చుకుని, ఫారం గోడకి ఆనించి, తన పేరు తానే పెద్ద అక్షరాలతో రాశారు. గుర్తింపు కార్డు నంబరు చూడకుండానే వేశారు. బంధుత్వం అని పక్కన ఇంకో గడి ఉంది.

"ఇందులో ఏమి పెట్టేది?"

"మీ ఇష్టం."

ఆంటీ అని రాసి, కింద గీత గీసి ఇచ్చారు.

"మొదటి రోజు పాప్పా ఏడవదు, చూడు. నువ్వే ఏడుస్తావు. ఇంట్లో ఒంటరిగా ఏడవొద్దు. నా కాడికి వచ్చి ఏడువు. కోపీ పోస్తాను."

సాయంత్రం అయిదింటికి కిందికి దిగి ఫారం ఇచ్చేశాను. మొదటి రోజు సంగతిలో ఆంటీ చెప్పింది సగమే నిజమైంది. పాప కూడా ఏడ్చింది. దాని ఏడుపు చైల్డ్ కేర్ తలుపులోంచి లిఫ్టు దాకా వినబడింది, నాది ఆంటీ వాళ్ల వంటింటి దాకా. దాని ఏడుపు పది నిమిషాల్లో ఆగిందని టీచరు తర్వాత చెప్పింది.